మీరుకీ నువ్వుకీ మధ్య

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళమ్మాయి అంటారు. పళ్ళు అమ్మేది కాబట్టి కాదు, పళ్ళు చేసేది కాబట్టి. పంటి డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ఆ గదికి మూడు వైపులా అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు, ఒక్కో దవడ అడుగున పెన్సిలుతో రాసిన నంబరు. అన్నీ నోళ్ళు తెరుచుకునే ఉంటాయి గానీ ఒక్కటీ పలకరించదు. పదకొండేళ్ళుగా ఆమె ఆ ఉద్యోగం మారకపోవడానికి అదే కారణం. నోట్లో నాలుక లేని మనిషి అని ఆమెను వెక్కిరించేవాళ్ళు ఆ అరలు ఒక్కసారి చూస్తే, చేరాల్సిన చోటే చేరిందని ఒప్పుకుంటారు.

కొందరు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. కొందరికి పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. ఈమెకు పుట్టుకతో బిడియం వచ్చింది. చిన్నప్పుడు ఎవరూ కొట్టలేదు, ఎవరూ చీకటి గదిలో పెట్టలేదు, ఎవరి తప్పూ లేదు. అయినా లోకం ఊరుకుంటుందా? చిన్నప్పుడు "ఎంత బుద్ధిమంతురాలో" అంది, పెద్దయ్యాక "ఎంత పొగరో" అంది. మనిషి అదే, బిడియం అదే, వయసు పెరిగిందంతే. ఇంటికి ఎవరొచ్చినా తలుపు చాటుకి పోయే పిల్లకి మనుషులంటే గిట్టదని తేల్చిపారేశారు. గిట్టనివాళ్ళు తలుపు చాటున గంటసేపు ఎందుకు నిలబడతారు? హాయిగా పోయి పడుకుంటారు. ఈపాటి ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆమెతో ఒకే ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటున్న మనిషి కుట్టు టీచరు. పళ్ళమ్మాయికి ముప్పై ఐదు, ఆవిడకి నలభై నాలుగు, కాబట్టి అక్క. రెండు గదులు, ఒక వంటిల్లు, అద్దె చెరిసగం. అక్క పుట్టిందే మాట్లాడటానికి. గ్యాస్ బండ తెచ్చేవాడితో, కరెంటు మీటరు చూసేవాడితో, ఇంటి ఓనరు భార్యతో, మూడిళ్ళ అవతల ఇస్త్రీ చేసే ఆయనతో, అందరితో ఆవిడే మాట్లాడేది. వీధి మొత్తానికి తలలో నాలుక. ఆ నాలుక వెనకాల పళ్ళమ్మాయి ఆరేళ్ళు సుఖంగా దాక్కుంది.

ఇంట్లో చేరిన మొదటిరోజే అక్క ఒక మాట అంది. "నన్ను మీరు గీరు అనకు పిల్లా. నాకేమన్నా అరవయ్యేళ్ళా? నువ్వు అను చాలు."

చిక్కంతా అక్కడ మొదలైంది.

పళ్ళమ్మాయి జీవితంలో నువ్వు అని పిలిచింది ఒక్క మనిషిని, తల్లిని. ఆ తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడతోపాటు ఆ మాట కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు కొత్త మనిషిని నువ్వు అనాలంటే ఆమెకు ఎవరి ఇంట్లోకో చెప్పులతో నడిచి వెళ్ళినట్టు ఉండేది. పోనీ మీరు అందామంటే, వద్దని ఆవిడే చెప్పింది. చెప్పాక కూడా అంటే దూరం పెట్టినట్టు. ఇటు వెళ్ళలేక అటు ఉండలేక ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. రెండూ అనడం మానేసింది.

అది వినడానికి తేలికే గానీ, మన భాషలో ఎంత కష్టమో ఒక్కరోజు ప్రయత్నిస్తే తెలుస్తుంది. క్రియ నోట్లోంచి వచ్చిందా, దాని తోక పట్టుకుని మీరో నువ్వో వచ్చేస్తుంది. తింటావా, తింటారా. వచ్చావా, వచ్చారా. అందుకని పళ్ళమ్మాయి క్రియల తోకలు కోసేసింది. "అక్కా, అన్నం?" అనేది. వాన వచ్చేలా ఉంటే "గొడుగు" అనేది. మరీ అవసరమైతే "తినడం అయిందా?", "రావడం ఎన్నింటికి?" అనేది. ఆఫీసు సర్క్యులర్ చదువుతున్నట్టు ఉండేది ఆ ధోరణి. అన్నిటికన్నా ఎక్కువగా ఆమెకు అక్కరకొచ్చిన మాట "పర్లేదు". దానికి తోక లేదు, మర్యాద లేదు, చనువు లేదు. ఎవరితోనైనా అనొచ్చు, దేనికైనా అనొచ్చు.

ఇదంతా లోపల ఆమె పడుతున్న అవస్థ. బయట అక్కకి వినిపించింది మాత్రం ముక్తసరిగా ముక్కలు విసిరే మనిషి గొంతు. ఆవిడ మొదట్లో నవ్వింది, తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత ఏమనుకుందో ఎవరితోనూ చెప్పలేదు. అన్నీ వాగే మనుషులు కూడా అసలు మాట ఒకటి దాచుకుంటారు.

ఒక గురువారం సాయంత్రం అక్క జాకెట్టుకి హుక్కులు కుడుతూ, తల ఎత్తకుండా అంది. "మా కుట్టు స్కూలు పైన గది ఖాళీ అయింది. నన్ను వచ్చి ఉండమంటున్నారు. రెండు బస్సులు మారే బాధ తప్పుతుంది. ఏమంటావ్, వెళ్ళనా?"

ఈ ఇంట్లో అక్క లేకపోవడం అనే సంగతి పళ్ళమ్మాయి ఊహకి ఏనాడూ అందలేదు. వద్దు, వెళ్ళొద్దు, ఎక్కడికీ వెళ్ళొద్దు అని లోపల మనిషి గోల పెడుతోంది. నోటిదాకా వచ్చిన మాట మాత్రం వెళ్ళకు దగ్గర ఆగి, వెళ్ళకండి వైపు చూసి, రెంటికీ భయపడి వెనక్కి పోయింది.

"పర్లేదు," అంది.

అక్క చేతిలో సూది ఆగింది. "పర్లేదంటే? వెళ్ళమనా, వద్దనా?"

"అదే... పర్లేదు."

అక్క ఆమె మొహంలోకి కాసేపు చూసింది. ఏదన్నా కనిపిస్తుందేమోనని చూసింది. బిడియం ఉన్నవాళ్ళ మొహం ఆపదలో తలుపు వేసేసుకుంటుంది, అక్కడ ఏమీ కనిపించదు. "సరే అయితే. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం," అని దారం పళ్ళతో కొరికింది.

ఆ రాత్రి నుంచి పళ్ళమ్మాయికి పది రోజుల గడువు. ఆ పది రోజుల్లో ఒక్క మాట అనాలి. అదేమన్నా కొండ తవ్వడమా అనిపిస్తుంది మనకి. తడబాటు లేకుండా నలుగురిలో మాట్లాడేవాళ్ళకి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది, అందుకే వాళ్ళ సలహాలు ఎవరికీ పనికిరావు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తోకలేని వాక్యం కోసం వెతికింది. "వెళ్ళడం వద్దు" అంటే నోటీసు బోర్డులా ఉంది. "వెళ్ళకూడదు" అంటే మామగారు కోడలిని అదిలించినట్టు ఉంది. "వెళ్తే బాగుండదు" అంటే బెదిరింపే. నాలుగు రోజులు ఇలా గడిచాయి. సోమవారం సాయంత్రం ఆసుపత్రి మూసే వేళకి ఆమెకు దొరికింది. "ఉంటే బాగుంటుంది." ఎంత మంచి వాక్యం. మర్యాద లోటు లేదు, చనువు జాస్తి లేదు, మనసులో ఉన్నది ఉన్నట్టు ఉంది. ఇంటికి వచ్చేదాకా పెదవులు కదలకుండా అదే అనుకుంటూ వచ్చింది.

తలుపు తీసేసరికి అక్క ముందు గదిలో స్టూలు మీద నిలబడి ఉంది. గోడకున్న నిలువుటద్దం రెండు చేతులతో పట్టుకుని మేకు మీద నుంచి తప్పిస్తోంది. ఆ అద్దం అక్కది, బట్టలు తొడిగి చూసుకోవడానికి తెచ్చుకున్నది. పళ్ళమ్మాయి చెప్పులు కూడా విప్పలేదు. ఆలస్యం చేస్తే ధైర్యం ఆరిపోతుందని తెలుసు. గుమ్మంలో నిలబడే అనేసింది.

"ఉంటే బాగుంటుంది."

అక్క వెనక్కి తిరిగి చూసింది. తర్వాత చేతుల్లో ఉన్న అద్దం వైపు చూసింది. "ఇదా? ఇది నాదే పిల్లా. సరే, నీకు అంత కావాలనిపిస్తే ఉంచుకో." మళ్ళీ మేకుకి తగిలించి, వంకర సరిచేసి, స్టూలు దిగింది. దిగుతూ నెమ్మదిగా అంది. "మనిషి పోతుంటే అద్దం గుర్తొచ్చింది నీకు."

అద్దం కాదు అక్కా అనాలి. ఆ మాట పైకి రాలేదు. అంత సిగ్గు, అంత దుఃఖం కలిసి వచ్చినప్పుడు ఆమెకు ఒకే మాట దొరుకుతుంది, అదే వచ్చింది కూడా.

"పర్లేదు," అంది పళ్ళమ్మాయి.

ఆ మాట ఆమే విన్నది, తన చెంప తనే ఛెళ్ళుమనిపించుకోవాలనిపించింది. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. అవతల అక్క అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక గోడ మాత్రమే అడ్డం. అయినా అంత ఒంటరితనం ఆమెకు తల్లి పోయిన రోజు కూడా అనిపించలేదు, ఎందుకంటే అప్పుడు తప్పు తనది కాదు.

శుక్రవారం ఆసుపత్రిలో ఒక ముసలాయనకి పై పళ్ళ సెట్టు సరిచూడాల్సి వచ్చింది. రిటైరైన రైలు గార్డు ఆయన. సెట్టు నోట్లో పెట్టాక మనిషి చేత కొన్ని మాటలు అనిపించాలి. పై పళ్ళ అంచు కింది పెదవికి సరిగ్గా తాకితేనే 'వ' స్పష్టంగా పలుకుతుంది. పొడుగైతే పెదవి కొరుక్కుంటారు, పొట్టిదైతే గాలి పోతుంది. డాక్టరు గారు పళ్ళమ్మాయిని కేకేశారు.

"వ వచ్చే మాటలు ఏవైనా రాసివ్వమ్మా, చదివిస్తాను. ఎక్కడ అరగదీయాలో నువ్వూ విను."

పళ్ళమ్మాయి చీటీ మీద గబగబా నాలుగు మాటలు రాసి ఇచ్చింది. ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, కొత్త పళ్ళతో, గార్డు గొంతుతో గది అదిరేలా చదివాడు. "వాన. వంతెన. వెళ్ళకు. వెళ్ళకండి."

పళ్ళమ్మాయి చెవులు వేడెక్కాయి. తాను ఏం రాసిందో ఆయన చదివాకే ఆమెకు తెలిసింది. వారం రోజులుగా తన నోటికి రాని మాట, తాను చేసిన పళ్ళు పెట్టుకుని వేరే మనిషి ఎంత తేలిగ్గా అనేశాడు.

"చివరి రెండూ ఇంకోసారి అనండి," అన్నారు డాక్టరు గారు.

"వెళ్ళకు. వెళ్ళకండి," అన్నాడు ముసలాయన. తర్వాత పళ్ళమ్మాయి వైపు తిరిగాడు. "మా ఆవిడ నలభై ఏళ్ళు నన్ను మీరు అంది తల్లీ. కోపమొస్తే మాత్రం నువ్వు అనేది. డ్యూటీకి బయల్దేరేటప్పుడు పోట్లాట పెట్టుకునేవాణ్ణి, ఎందుకో తెలుసా? ఆ నువ్వు వినడానికి. నాకు ఆ పిలుపే దగ్గరగా ఉండేది."

డాక్టరు గారు నవ్వారు. పళ్ళమ్మాయి సెట్టు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి, మోటారు వేసి, ఎడమ వైపు అంచు కాస్త అరగదీసింది. ఆ మోటారు రొదలో నోరు తెరిచి "వెళ్ళకు" అని చూసింది. తనకే వినపడలేదు.

శనివారం కూడా అలాగే పోయింది. అక్క పెట్టెలు కట్టింది, ఈమె తాళ్ళు అందించింది. "కత్తెర?" "ఇదిగో." "టేపు?" "అదిగో." వస్తువుల పేర్లతో ఎంత సంసారమైనా నడిపేయొచ్చు. మనసు సంగతి వచ్చేసరికి వాటికి పేర్లు చాలవు.

ఆదివారం పదకొండింటికి చిన్న ట్రాలీ బండి వచ్చింది. కుట్టు మిషను, రెండు అట్టపెట్టెలు, పరుపు చుట్ట, బట్టల సంచులు ఎక్కించారు. వీధిలో సగం మంది వచ్చేశారు. ఇంటి ఓనరు భార్య, ఇస్త్రీ ఆయన, ఎదురింటి అత్తాకోడళ్ళు. అక్క ఒక్కొక్కరినీ పలకరించి, ఒక్కొక్కరికీ వస్తానని చెప్పి, చివరికి గుమ్మం మెట్టు మీదున్న పళ్ళమ్మాయి దగ్గరికి వచ్చింది.

"గ్యాస్ వాడి నంబరు తలుపు వెనకాల అంటించాను. నువ్వు ఫోన్ చెయ్యక్కర్లేదు, ఒట్టి మెసేజ్ పెట్టినా తెస్తాడు. చెప్పి ఉంచాను. మీటరు అబ్బాయికి కూడా చెప్పాను, తలుపు తీస్తే చాలు, నిన్ను ఏమీ అడగడు." పళ్ళమ్మాయి నోట ఏమన్నా వస్తుందేమోనని ఆగింది. రాలేదు. "జాగ్రత్త," అని వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంది.

ఈమె భయాలన్నీ ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కదానికీ ఏర్పాటు చేసి పోతోంది మనిషి. పళ్ళమ్మాయికి కళ్ళు మసకబారాయి.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. "వెళ్దామా అమ్మా?"

"వెళ్ళకు."

ఇంజను చప్పుడుని మించి వినపడాలని అందేమో, ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. వెనక ఒక సంచి జారి పడింది. అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమ్మా, చక్రం కింద ఏమన్నా ఉందా? ఉంటే ఉందని చెప్పాలి గానీ ముక్కూ మొహం తెలియని మనిషిని ఏకవచనంతో పిలుస్తారా?"

ఎవరూ నవ్వలేదు. అక్క కూడా తల తిప్పి చూస్తోంది. "ఎవర్ని అంటున్నావ్ పిల్లా?"

"నిన్ను," అంది పళ్ళమ్మాయి. వీధంతా చూస్తోందని తెలుసు, చెంపలు మండిపోతున్నాయని తెలుసు. "నిన్నే అక్కా. వెళ్ళకు. అద్దం కాదు నేను ఉండమన్నది, నిన్ను. నువ్వు వెళ్ళిపోతే నాకు ఎవరూ లేరు."

అక్క బండి దిగి వచ్చింది. మెట్టు దగ్గర నిలబడింది. ఎప్పుడూ మాట వెతుక్కోని మనిషికి ఆ రోజు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆరేళ్ళు," అంది చివరికి. "ఆరేళ్ళు ఒక గిన్నెలో వండుకుని తిన్నాం. నన్ను మీరనీ అనలేదు, నువ్వనీ అనలేదు. గోడకి చెప్పినట్టు చెప్పేదానివి. నీ కళ్ళకి నేను మనిషిలా ఆనలేదేమో అనుకున్నాను. ఆ గది ఖాళీగా ఉందని నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు. నువ్వు ఏమంటావో చూద్దామనే అడిగాను."

"ఏది అనాలో తెలియక... మీరు అనొద్దన్నావు, నువ్వు అనే ధైర్యం లేకపోయింది."

"ఏదో ఒకటి అనాల్సింది. ఏమే అన్నా పలికేదాన్ని కదే."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పళ్ళమ్మాయి చేతులు రెండూ పట్టుకుంది. ఆ వేళ్ళకి ప్లాస్టరు గరుకు ఎప్పుడూ పోదు. "ఇప్పుడెలా ఆగను చెప్పు. నేను వస్తున్నానని పొద్దున ఏడింటికి కొత్త బ్యాచి పెట్టారు, ఇరవై మంది ఆడపిల్లలు రేపు తలుపు ముందు నిలబడతారు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఇక్కడ నా గది కూడా ఓనరు గారు సామానుకి వాడుకుంటామన్నారు, సరేనన్నాను. పది రోజుల కింద ఈ ఒక్క మాట అనుంటే ఆ గది మొహం కూడా చూసేదాన్ని కాదు."

పళ్ళమ్మాయి తల ఊపింది. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. అర్థం కావడం వల్ల తగ్గేది కూడా ఏమీ లేదు.

"వచ్చే ఆదివారం రా. పొద్దున్నే రా. భోజనం అక్కడే," అంది అక్క. "వచ్చి మాట్లాడు. మాటలు తుంచకుండా."

"వస్తాను," అంది. ఆ మాట చెప్పడం ఆమెకు ఏనాడూ కష్టం కాదు, అది తన గురించి కదా.

బండి కదిలింది. మలుపు తిరిగేదాకా అక్క చెయ్యి బయటే ఉంది. వీధిలో వాళ్ళు పళ్ళమ్మాయిని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఇస్త్రీ ఆయన ఏదో ఒకటి అనకపోతే బాగుండదని, "గొంతు బాగుందమ్మా నీది," అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ వెళ్ళిపోయారు. ఆమె లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నమంతా ఏమీ తినలేదు. సాయంత్రం కాస్త అన్నం వండుకుంది. ఒక్కరికి ఎంత బియ్యం పొయ్యాలో తెలియక ఇద్దరికి సరిపడా పోసింది. కంచం పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అక్క రోజూ కూర్చునే చోట నేల మీద పెట్టెలు ఈడ్చిన గీతలున్నాయి.

"నువ్వు చేరావా?" అంది పళ్ళమ్మాయి ఆ చోటు వైపు చూస్తూ. గొంతు సవరించుకుంది. "సామాను దించుకున్నావా? ఏం తిన్నావు? ఆ గదిలో నీకు గాలి వస్తోందా? రేపు ఎన్నింటికి లేస్తావు?"

ఒక్కొక్కటే అడిగింది, ఏ క్రియనీ మధ్యలో తుంచకుండా. జవాబు చెప్పే మనిషి లేదు కాబట్టి ఎక్కడా తడబడలేదు.